బోయిగూడ రూములో తైవాన్ పంది కూర, అన్నం



మన గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, జీవో కాపీలు, పోడు పట్టాల సంగతులు ఎక్కువగా వస్తుంటాయి. ఈసారి నేను వంట గురించి రాస్తున్నాను. అదీ పంది మాంసం వంట. ఆ మాట చూడగానే కొందరు పైకి తోసేసి పోతారని తెలుసు. మనలోనే చాలామంది పోతారు. ఎందుకు పోతామో కూడా ఇందులో రాశాను కాబట్టి, ఓపిక ఉంటే చివరిదాకా చదవండి.

నాది దుమ్ముగూడెం మండలం. కోయ పిల్లను. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి ఇక్కడ ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నాను. బోయిగూడలో రూము. మణుగూరు ఎక్స్‌ప్రెస్ దిగి పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికి వస్తే నడిచి పోయేంత దూరం. కట్టె డిపోలు, పాత సామాన్ల గోదాములు, సందుల్లో చిన్న చిన్న అద్దె రూములు. పల్లకీలు మోసే బోయీలు ఉండేవాళ్లు కాబట్టి బోయిగూడ అయ్యిందని పెద్దవాళ్లు చెప్తారు. గూడ అన్నా మన గూడెం అన్నా ఒకటే మాట కదా అని మేం నవ్వుకుంటాం. రూములో ముగ్గురం. నేను, మా మండలం పక్కనుంచి వచ్చి నర్సింగ్ చేస్తున్న ఒక చెల్లి, ములుగు వైపు నుంచి వచ్చి గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న ఇంకో చెల్లి. ముగ్గురం కోయలమే. కానీ ములుగు చెల్లి పంది మాంసం తినదు. చిన్నప్పుడు తినేదంట. హాస్టల్‌కు వచ్చాక మానేసిందంట.

ఈ వంట సంగతి ఫోన్‌లో ఒక వీడియో చూడటంతో మొదలైంది. తైవాన్‌లో రోడ్డు పక్క బండి. ఒక ముసలాయన పెద్ద గిన్నెలోంచి నల్లగా, జిగురుగా ఉన్న కూర గరిటెతో తీసి, వేడి అన్నం మీద పోసి ఇస్తున్నాడు. ఆఫీసు బట్టలు వేసుకున్నవాళ్లు, బడిపిల్లలు, కూలీలు అందరూ ఒకే బెంచీ మీద కూర్చుని తింటున్నారు. ఆ వంట పేరు లు రౌ ఫాన్. లు అంటే సోయా రసంలో నెమ్మదిగా ఉడికించడం, రౌ అంటే మాంసం, ఫాన్ అంటే అన్నం. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. చైనా భాషలో ఉట్టిగా మాంసం అంటే పంది మాంసమే. మేక మాంసం, ఆవు మాంసం అయితే ఆ జంతువు పేరు చెప్పాలి. పందికి చెప్పక్కర్లేదు. మన దగ్గర తిరగేసి ఉంటుంది. ఏం కూర అంటే మటన్, చికెన్ అని గట్టిగా చెప్తాం. ఇది మాత్రం "అది" అంటాం.

వీడియోలో తోలు తియ్యని పంది ముక్కలు చూసి నర్సింగ్ చెల్లి "అక్కా, మా నాయన కోసినట్టే కోస్తున్నాడు" అంది. నిజమే. మన ఊళ్లలో పందిని కాల్చి, గీకి, తోలుతోనే ముక్కలు కొడతారు. నూనె పొయ్యరు. దాని కొవ్వులోనే అది వేగుతుంది. ఉప్పు, కారం, పసుపు, కాలాన్ని బట్టి గోంగూర, చింతచిగురు, వెదురు కొమ్ములు. తైవాన్ వాళ్లు చేసేదీ అదే పద్ధతి. తోలు, కొవ్వు, కండ మూడూ ఉన్న ముక్క కావాలి. తోలులోని జిగురే ఆ రసానికి చిక్కదనం ఇస్తుంది. అది పేదల ఇళ్లలో పుట్టిన వంట అంటారు. కొద్దిపాటి మాంసాన్ని చిన్న ముక్కలు చేసి, రసం ఎక్కువగా పెట్టి, అన్నం మీద పోస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఈ లెక్క మన అమ్మలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ వంట మీద వాళ్లకు ఎంత పట్టింపో చెప్పాలి. 2011లో మిషెలిన్ అనే పెద్ద కంపెనీ తైవాన్ మీద వేసిన గైడు పుస్తకంలో, ఈ వంట చైనాలోని షాన్‌డాంగ్ నుంచి వచ్చిందని రాశారు. తైవాన్ హోటళ్ల బోర్డుల మీద "లు" అనే అక్షరం బదులు అదే పలుకు ఉన్న ఇంకో అక్షరం రాస్తుంటారు. ఆ అక్షరానికి షాన్‌డాంగ్ అనే అర్థం ఉంది. గొడవ అక్కడ వచ్చింది. దాంతో తైపే నగరం వాళ్లు ఇది మా వంట అని చెప్పడానికి వెయ్యి గిన్నెల లు రౌ ఫాన్ జనానికి ఉచితంగా పంచారు. నగర మేయరే ముందుండి జరిపించాడు. పంది కూర అన్నం కోసం ఒక రాజధాని రోడ్డు మీదికి వచ్చింది! అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మనం పంది మాంసం తెచ్చుకుంటే నల్ల కవరు మీద ఇంకో నల్ల కవరు వేయించుకుంటాం.

ఆదివారం వండుదాం అనుకున్నాం. అనుకోగానే రూములో మాటా మాటా వచ్చింది. ములుగు చెల్లి వద్దంది. ఆమెకు రెండు భయాలు. ఒకటి, ఇంటి ఓనరమ్మ. రూము ఇచ్చేటప్పుడే "నాన్‌వెజ్ పర్లేదు కానీ పిచ్చి పిచ్చి మాంసాలు వండొద్దు" అంది. పిచ్చి మాంసం అంటే ఏంటో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరికీ అర్థమైంది. రూము పోతే మళ్లీ ఈ అద్దెకు, కోచింగ్‌కు, ఆసుపత్రికి దగ్గరలో రూము దొరకదు. ఎస్టీ అని తెలిశాక రూము లేదన్న ఇళ్లు మాకు ముందే తెలుసు. రెండోది ఆమె లోపలి భయం. హాస్టల్‌లో ఒక పిల్ల ఈమె పక్కన పడుకోనని చెప్పిందంట. "వీళ్లు పందులు తింటరు, దీని దుప్పటి వాసనొస్తది" అని. అప్పుడు ఆరో తరగతి. ఆ రోజు నుంచి మేం తినం అని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పీ చెప్పీ నిజంగానే మానేసింది. పండక్కి ఇంటికి పోయినా తినదు. వాళ్లమ్మ ఆమె కోసం వేరే కోడి కోస్తుందంట.

ఇది చదువుతున్న మీలో ఎంతమందికి ఇలాంటి ఆరో తరగతి ఉందో నాకు తెలుసు. తెలుగులో పంది అనేది తిట్టు. ఆ తిట్టును మన తిండికి తగిలించి, తిండిని మనకు తగిలిస్తారు. అందుకే ఆ చెల్లిని బలవంతం చెయ్యలేదు. నువ్వు తినక్కర్లేదు, వండటం గురించి మాత్రం ఓనరమ్మను అడిగి వస్తానన్నాను.

శనివారం సాయంత్రం పైకి పోయి అడిగాను. "ఆంటీ, రేపు మేం పంది మాంసం వండుకుంటాం. మా ఊళ్లో పండగలకు తినేది. శుభ్రంగా చేసుకుంటాం. మీకు ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. టీవీ సౌండు తగ్గించింది. "గిన్నెలు బయట నల్లా కింద కడగొద్దు. మీ బాత్రూంలోనే కడుక్కోండి. వాసన వచ్చిందా, మళ్లీ చెయ్యొద్దు" అంది. నాకు సంతోషమూ అయ్యింది, గిన్నెల మాటకు కడుపులో గుచ్చుకున్నట్టూ అయ్యింది. కానీ ఒకటి గమనించాను. ఆ పేరు నా నోటితో చెప్పాక నేను నేలలోకి దిగబడిపోలేదు. మెట్లు దిగి వచ్చాను, అంతే.

కింద వాటాలో ముస్లిం కుటుంబం ఉంటుంది. వాళ్ల సంగతి వేరే. పంది వాళ్ల మతంలో నిషేధం. వాళ్లు మనల్ని తక్కువ చేసి చూడటం లేదు, వాళ్ల నియమం వాళ్లది. ఆ ఇంటి అక్క అప్పుడప్పుడు మా కుక్కర్ తీసుకుపోతుంది. అందుకే ఈ వంటకు కుక్కర్ వాడకుండా వేరే గిన్నె పెట్టాం. గరిటె, చాకు కూడా వేరు. మన తిండిని దాచాల్సిన పని లేదు. అవతలివాళ్ల నియమాన్ని చెడగొట్టే హక్కూ మనకు లేదు. ఈ రెండూ కలిపి పాటించవచ్చు, కష్టమేం కాదు.

ఇంకో మాట కూడా రాయాలి, నేను ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి. పంది తింటే మెదడులో పురుగులు పడతాయి అని చాలామంది అంటారు. చదువుకున్నవాళ్లే అంటారు. అందులో సగమే నిజం. సరిగ్గా ఉడకని పంది మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉంటే, తిన్నవాళ్ల పేగులో అది పెరుగుతుంది. ఆ మనిషి మలంలో దాని గుడ్లు బయటికి వస్తాయి. ఆ గుడ్లు నీళ్లలోనో, కడగని చేతుల మీదో, పచ్చి కూరగాయల మీదో చేరి ఎవరి నోట్లోకి పోతే వాళ్ల ఒంట్లో తిత్తులు కడతాయి. మెదడులో కడితే మూర్ఛ వస్తుంది. దాన్నే న్యూరో సిస్టిసర్కోసిస్ అంటారు. అంటే మెదడులోకి పోయేది మాంసం నుంచి నేరుగా కాదు, మలంలోని గుడ్ల నుంచి. జన్మలో మాంసం ముట్టనివాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది. అయితే మన వైపు కూడా చెయ్యాల్సింది ఉంది. పందుల్ని ఊరి మీద వదిలేసి, బయట మలవిసర్జనకు పోతే ఈ చక్రం ఆగదు. పందుల్ని దొడ్డిలో కట్టి మేపాలి, మరుగుదొడ్డి వాడాలి, చేతులు కడగాలి, మాంసం లోపల ఎరుపు పోయేదాకా బాగా ఉడకబెట్టాలి. కాల్చుకు తినేటప్పుడు ముక్క లోపల పచ్చిగా ఉంటే తినకండి. ఎవరైనా పంది తింటే రోగం అంటే సిగ్గుపడి తల దించుకోకుండా ఇది చెప్పండి.

ఇక వంట. కావాల్సినవి రాస్తున్నాను, ముగ్గురు నలుగురికి సరిపోతుంది.

తోలు, కొవ్వు ఉన్న పంది పొట్ట మాంసం అరకిలో. సాంబార్ ఉల్లిపాయలు పావుకిలో. వెల్లుల్లి ఆరు రెబ్బలు, అల్లం చిన్న ముక్క. సోయా సాస్ నాలుగు పెద్ద చెంచాలు, రంగు కోసం డార్క్ సోయా సాస్ ఒక చెంచా. పటిక బెల్లం రెండు చెంచాలు. అనాస పువ్వు ఒకటి, దాల్చిన చెక్క చిన్న ముక్క, లవంగాలు మూడు, సోంపు అర చెంచా, మిరియాలు పది. కోడిగుడ్లు నాలుగు. వాళ్లు బియ్యంతో చేసిన సారా కూడా కొంచెం పోస్తారు. మన దగ్గర ఇప్పసారా ఉంటే ఒక గరిటె సరిపోతుందేమో కానీ బోయిగూడలో అది ఎక్కడిది, మేం నీళ్లతోనే కానిచ్చాం.

కంటోన్మెంట్ వైపు ఉన్న ఒక దుకాణంలో మాంసం తెచ్చాం. అక్కడ సీమ పందే దొరుకుతుంది. మన నాటు పంది అంత రుచి ఉండదు, కొవ్వు ఎక్కువ. ఈ వంటకు ఆ కొవ్వే కావాలి కాబట్టి ఇబ్బంది లేదు. ధర మటన్‌లో సగం కూడా లేదు. దుకాణంలో మా ముందు ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఇద్దరు, ఒక తమిళ పెద్దాయన, రైల్వేలో చేసే ఒక అన్న ఉన్నారు. అందరూ మామూలుగా నిలబడి పక్కటెముకలు కావాలి, కాలు కావాలి అని అడుగుతున్నారు. కవరు మీద కవరు అడిగింది ఎవరూ లేరు. నర్సింగ్ చెల్లి నా వైపు చూసింది. మేం కూడా అడగలేదు.

మాంసాన్ని మరుగుతున్న నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి కడగాలి. దాంతో నీచు వాసన చాలావరకు పోతుంది. ఆరాక చిటికెన వేలి గోరంత వెడల్పు ముక్కలు చేతితోనే కోయాలి. కీమా కొట్టిస్తే తోలు జిగురు, ముక్క కొరికే రుచి రెండూ పోతాయి. ముందు ఉల్లిపాయలు సన్నగా తరిగి, కాస్త నూనెలో ఎర్రగా కరకరలాడేదాకా వేయించి తీసి పక్కన పెట్టాలి. మాడితే చేదు వస్తుంది, ఇంకో నిమిషంలో మాడతాయి అనగానే తీసెయ్యాలి. ఈ వంటకు ప్రాణం ఈ వేయించిన ఉల్లే. అదే గిన్నెలో మాంసం వేసి సన్న మంట మీద కదుపుతుంటే కొవ్వు కరిగి బయటికి వస్తుంది. అల్లం, వెల్లుల్లి, పటిక బెల్లం వేసి రంగు తిరిగాక సోయా సాస్ పొయ్యాలి. మసాలా దినుసులు చిన్న గుడ్డలో మూట కట్టి వెయ్యాలి. మూడు గ్లాసుల వేడి నీళ్లు. వేయించిన ఉల్లి చేతితో నలిపి అందులో వెయ్యాలి. ఇక సన్న మంట మీద గంటన్నర. ఉప్పు ముందు వెయ్యకండి. సోయా సాస్‌లోనే చాలా ఉంటుంది, ఇక్కడ దొరికే వాటిలో ఇంకా ఎక్కువ. చివర్లో చూసి వేసుకోవాలి. ఆఖరి అరగంటలో ఉడికించి పొట్టు తీసిన గుడ్లు ఆ రసంలో వేస్తే గోధుమరంగులోకి వస్తాయి.

పక్కన వాళ్లు పసుపురంగు ముల్లంగి ఊరగాయ పెడతారు. మేం ముల్లంగి చక్రాల్లా కోసి ఉప్పు, పసుపు, కొంచెం పంచదార, నిమ్మరసం కలిపి గంట పెట్టాం. ఆ కొవ్వుకు ఈ పులుపు కావాలి. మన గోంగూర పచ్చడి కూడా బాగా కుదురుతుంది, తిని చెప్తున్నాను.

అన్నం దగ్గర ఒక చిక్కు. తైవాన్ బియ్యం పొట్టిగా, ముద్దగా ఉంటాయి. రసం పోస్తే అన్నం పట్టుకుంటుంది. మన సన్నబియ్యం పొడిపొడిగా అయ్యి రసం అడుక్కి జారిపోతుంది. ఇంటి నుంచి తెచ్చిన పోడు బియ్యం డబ్బాలో ఉన్నాయి, దొడ్డువి. అవి వండాం. మెత్తగా, ముద్దగా అయ్యి చక్కగా సరిపోయాయి. దొడ్డుబియ్యం అని మనం చులకన చేసేవే ఈ వంటకు అసలైనవి.

సన్నబియ్యం గురించి వెతుకుతుంటే ఇంకో సంగతి తెలిసింది. తైచుంగ్ నేటివ్ 1 అనే పొట్టి వరి రకం తైవాన్‌లో 1956లో వచ్చింది. అది 1960ల నడుమ మన దేశానికి వచ్చింది. అప్పటిదాకా మన వరి పొడుగ్గా పెరిగేది, ఎరువు వేస్తే పడిపోయేది. పొట్టి రకం పడిపోదు. 1965లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొదలైన వరి పరిశోధన ప్రాజెక్టు దాన్ని మన రకంతో కలిపి 1968లో జయ అనే వరి ఇచ్చింది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అంటే రైతులు బీపీటీ 5204 అనేది, దాని తల్లిదండ్రుల్లోనూ ఈ తైచుంగ్ నేటివ్ 1 ఉంది. పెళ్లిళ్లలో, హోటళ్లలో గొప్పగా వడ్డించే సన్నబియ్యంలో తైవాన్ రక్తం ఉందన్నమాట. ఆ దీవి గింజ అందరి విస్తళ్లలోకి వచ్చింది, ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఆ దీవి పంది కూర అంటే మాత్రం ఛీ అంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. లు రౌ ఫాన్ తైవాన్ ఆదివాసీల వంట కాదు. చైనా నుంచి వందల ఏళ్ల కింద వచ్చి స్థిరపడ్డవాళ్ల వంట. తైవాన్‌కు అసలు ఆదివాసీలు వేరే ఉన్నారు. అమిస్, పైవాన్, అతయాల్, బునున్ ఇలా ప్రభుత్వం గుర్తించిన తెగలు 16. జనాభాలో దాదాపు రెండున్నర శాతం. వాళ్లకూ చిరుధాన్యాలే ముఖ్యం, మన సామలు, కొర్రల్లాగా. చిరుధాన్యం కోత పండగ చేస్తారు, దాన్ని పులియబెట్టి మద్యం చేస్తారు. పైవాన్ వాళ్లు చిరుధాన్యం పిండిలో పంది మాంసం పెట్టి ఆకుల్లో చుట్టి ఉడికిస్తారు. వెదురు బొంగులో అన్నం వండుతారు. మారేడుమిల్లి బొంగు చికెన్ చూసినవాళ్లకు ఆ ఫొటో చూస్తే సొంత ఊరు గుర్తొస్తుంది. పండగ రోజు పంది కోసి వాటాలు పంచుకోవడం వాళ్లకూ ఉంది. మా ఊళ్లో పండుం రోజు మాంసాన్ని ఆకుల మీద పోగులు పెడతారు. ఇంటికో పోగు. మగదిక్కు లేని ముసలమ్మ ఇంటికీ అదే పోగు, ఊరి పెద్ద ఇంటికీ అదే పోగు. కోయ మాటలో పందిని పద్ది అంటాం. ఆ మాట పలికినప్పుడు అందులో తిట్టు ఉండదు, పండగే ఉంటుంది.

వాళ్ల పేరు కథ మనం తప్పక తెలుసుకోవాలి. జపాన్ పాలనలో వాళ్లను అనాగరికులు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. 1945 తర్వాత వచ్చిన ప్రభుత్వం కొండల్లోని సోదరులు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ వాళ్లు ఒప్పుకోలేదు. మేం కొండల్లో ఉన్నాం కాబట్టి మేం కాదు, ఇక్కడ మొదటి నుంచి ఉన్నవాళ్లం అన్నారు. 1984లో సంఘం పెట్టి పోరాడారు. 1994 ఆగస్టు 1న రాజ్యాంగంలో ఆ పేరు తీసేసి, మొదటి నివాసులు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇది చదువుతుంటే మన గిరిజన, ఆదివాసీ మాటలు గుర్తు రాకుండా ఉంటాయా? గిరిజన అన్నా కొండల్లోని జనమే కదా. ప్రపంచ ఆదివాసీ దినంగా ఆగస్టు 9ని ఐక్యరాజ్యసమితి ప్రకటించిందీ ఆ 1994లోనే. 2016 ఆగస్టు 1న తైవాన్ అధ్యక్షురాలు సై ఇంగ్ వెన్ ఆదివాసీలకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పింది.

అంతా బాగైపోయిందని కాదు. బునున్ తెగకు చెందిన తలుం సుక్లుమన్ అనే ఆయన 2013లో ముసలి తల్లికి అడవి మాంసం కోసం వేటకు పోయి అరెస్టయ్యాడు. మూడున్నరేళ్ల శిక్ష వేశారు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరికి 2021 మే 20న అధ్యక్షురాలు క్షమాభిక్ష పెట్టింది. అంటే పంది కూర అన్నాన్ని రాజధాని వీధిలో గర్వంగా పంచిన దేశంలోనే, ఒక ఆదివాసీ తన తల్లికి పెట్టాలనుకున్న ముద్ద నేరమైంది. ఏ తిండి గొప్పది, ఏది నీచం అన్నది గిన్నెలో ఏముంది అన్నదాన్ని బట్టి తేలదు. ఎవరి చేతిలో ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఈ ఒక్క మాటే.

మళ్లీ ఆదివారానికి వస్తాను. గంట గడిచేసరికి అనాస పువ్వు, దాల్చిన చెక్క వాసన సందు దాకా పోయింది. పక్క రూము అన్న వచ్చి "ఏంది, బిర్యానీయా?" అని అడిగాడు. నర్సింగ్ చెల్లి "కాదన్నా, పంది కూర" అంది, మామూలుగా, టమాట కూర అన్నట్టు. ఆయన ఒక్క క్షణం ఆగి "అట్లనా" అని పోయాడు. పైనుంచి ఓనరమ్మ ఏమీ అనలేదు. ఇకముందు అంటుందో అనదో తెలియదు. అద్దె రూము మీద ఆ భయం ఇంకా అలాగే ఉంది.

ములుగు చెల్లి మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది. మేం ఇద్దరం తింటున్నాం. ముక్క నోట్లో పెడితే కొవ్వు కరిగిపోయింది, తోలు జిగురుగా పళ్లకు తగిలింది, మొదట తీపి, తర్వాత ఉప్పు, ఆఖరున ఉల్లి. మన కూరలో ఉండే కారం లేదు. పచ్చిమిరపకాయ కొరుక్కున్నాం. కాసేపటికి ఆ చెల్లి తనే లేచి కంచం తెచ్చుకుంది. అన్నం పెట్టుకుని, గుడ్డు ఒకటి, రసం ఒక గరిటె వేసుకుంది. ముక్కలు వేసుకోలేదు. మేం ఏమీ అనలేదు. తిన్నాక వాళ్లమ్మకు ఫోన్ చేసింది. ఏం తిన్నావు బిడ్డా అని అటునుంచి అడిగినట్టున్నారు. "గుడ్డు" అంది. కొంచెం ఆగి "పంది పులుసుల గుడ్డు" అంది. అటు నుంచి నవ్వు మాకు కూడా వినపడింది. తర్వాత చాలాసేపు వాళ్లు పండుం గురించి, ఇంట్లో కోళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఆ చెల్లి ఇప్పటికీ ముక్కలు తినడం లేదు. తినాలని నేను అనను కూడా. ఈ పోస్టు ఆమెకు చూపించి, సరే అన్నాకే పెడుతున్నాను.

ఎందుకు అననో చెప్తాను. మనలో దేవుడి కోసం మానేసినవాళ్లు ఉన్నారు, ఒంటికి పడక మానేసినవాళ్లు ఉన్నారు, అసలు తినే ఆచారం లేని తెగలూ ఉన్నాయి. అది ఎవరిష్టం వాళ్లది. తింటేనే ఆదివాసీ అని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు. కానీ సిగ్గుతో మానేసినవాళ్లు, తింటూ దాచేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. ఆ సిగ్గు మనది కాదు, ఎవరో మనకిచ్చింది. హాస్టళ్లలో ఉన్న మన చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్నారు. వాళ్లకు ఎవరైనా ఈ మాట అన్నప్పుడు పక్కన నిలబడే అన్నో అక్కో ఉండాలి. సీనియర్లు సెలవుల్లో హాస్టళ్లకు పోయినప్పుడు పరీక్షల గురించి మాట్లాడతారు, మంచిదే. తిండి గురించి కూడా ఒక పది నిమిషాలు మాట్లాడండి.

ఇంకో పని. మీ ఇంట్లో పంది కూర ఎలా వండుతారో, ఏ ఆకు వేస్తారో, ఏ పండగకు వండుతారో, మీ భాషలో ఆ ఆకును, ఆ కూరను ఏమంటారో కింద రాయండి. కోయ, గోండి, కొలామీ, సవర, కువి, కొండరెడ్డి అన్నలు అందరూ రాయండి. తినని తెగలవాళ్లు మీ పండగ వంట రాయండి. అమ్మకు ఫోన్ చేసి అడిగి రాస్తే ఇంకా మంచిది. అన్నీ వచ్చాక నేను ఒక ఫైలుగా చేసి గ్రూపులో పెడతాను.

వండుకునేవాళ్లు గంటన్నర ఉడకబెట్టడం మాత్రం మర్చిపోవద్దు.

జై ఆదివాసీ.